కాళ్లున్న అక్షరాలు

మా అత్త పోయిందన్న కబురు నాకు మంగళవాడ దారిలో తెలిసింది. పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సు ఇంకా ఆగనే లేదు. మెట్టు మీద వేలాడుతున్న క్లీనరు కేక దుమ్ములోంచి ముందుగా వచ్చింది.

"అక్కయ్యా, బిరబిర ఎక్కు! అచ్చాపీసత్త పోయిందంట. మీ నాయన చెప్పి పంపినాడు."

"ఎక్కడికి?" అని అడిగాను. నిజంగానే అడిగాను. సిరా కోసం హిందూపురానికో, కాగితం కోసం తుమకూరుకో ఆమె ఎప్పుడూ ప్రయాణంలోనే ఉండేది. క్లీనరు తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. లోపల కూర్చున్న ఆడవాళ్లు జరిగి నాకు చోటిచ్చారు. అప్పుడర్థమైంది.

ఆ పొద్దు మంగళవాడలో ఒక ఇంటి గోడ మీద నేను చూసినదొకటి ఉంది. దాన్ని అత్తకు ఎట్లా చెప్పాలా, చెబితే ఏమంటుందా అని నాలో నేనే నవ్వుకుంటూ బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆమెకు చెప్పే వీలు లేకపోయింది గనుక ఇక్కడ మీకు చెబుతాను. అయితే దానికి ముందు ఆమె ఎవరో, ఆమె అక్షరాలేమిటో చెప్పాలి.

మా నాన్నకు ఆమె అక్క. పావగడలో మాత్రం అందరికీ అత్తే. అమల్దారు కచేరీ జవాను దగ్గర్నుంచి మజ్జిగ అమ్మే ముసలమ్మ దాకా "అచ్చాపీసత్త" అనే అనేవారు. మామ బతికి ఉన్నప్పుడు కాలితో తొక్కే అచ్చు యంత్రం ఒకటి తెచ్చి, సంతకు పోయే దారిలో చిన్న ప్రెస్సు, ఊరివాళ్ల మాటలో అచ్చాపీసు, పెట్టాడు. పెట్టిన కొన్నాళ్లకే ఆయన పోయాడు. యంత్రాన్ని పాత ఇనుముకింద అమ్మేయమని మామ వైపు పెద్దలు వచ్చి కూర్చున్నారట. "ఆయప్ప పోయినాడు. యంత్రం పోలేదు కదా?" అని అడిగి, వాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపిందట.

బొట్టు లేని ఆమె నుదుటి మీద ఎప్పుడూ ఒక సిరా మరక ఉండేది. చెమట తుడుచుకున్నప్పుడు అంటుకునేది. కొంగున వేయించిన చెనక్కాయలు కట్టుకుని ఉండేది. ఒక్కో కాయ వలుస్తూ, తలకిందులుగా ఉన్న సీసం అక్షరాలను నేను కథ చదివినంత సులువుగా చదివేది. ఏ నోటీసైనా మొదటి కాగితం యంత్రంలోంచి రాగానే కిటికీ వెలుగుకు పట్టి చూసేది. ఒక అక్షరం సరిగ్గా సిరా పట్టకపోతే, అంటే అది మిగిలినవాటికన్నా వెంట్రుకవాసి పొట్టిగా ఉంటే, దాని కింద సన్నని కాగితం ముక్క దూర్చి పైకి లేపేది. నేనొకసారి, పొట్టిదాన్ని లేపే బదులు పొడుగ్గా ఉన్నవాటిని గీకేస్తే పోలేదా అన్నాను.

"తగ్గినోళ్ల కింద కాగితం వేసి లేపాల మే. ఎక్కినోళ్లను గీకితే అందరూ తగ్గిపోతారు," అంది.

ఈ మాట అచ్చుపని కోసమే అన్నది. నాకు పంతులమ్మ పనిలో రోజూ పనికొస్తోంది.

మామ కొన్న యంత్రం బెంగళూరులో మూతపడిన ఒక ప్రెస్సుది. దానితో పాటు ఒక గోనెసంచిని కూడా బండిలో పడేశారట. విప్పి చూస్తే కొయ్య అక్షరాలు. ఇంగ్లీషువి. ఒక్కొక్కటి బెత్తెడెత్తు. పావగడలో ఇంగ్లీషు నోటీసు వేయించుకునేవాళ్లెవరు? మామ వాటిని నీళ్లపొయ్యిలో పెట్టమన్నాడు. అత్త పెట్టలేదు. ఒక్కొక్కదాన్నీ తుడిచి, చెనక్కాయ నూనె రాసి, అరల్లో పేర్చుకుంది. ఒక్క అక్షరమూ చదవడం రాకపోయినా వాటి రూపం ఆమెను పట్టేసింది.

ఆ అక్షరాలు ఎట్లా ఉంటాయంటే, నిలువు గీతలు రాతి స్తంభాల్లా లావు. వాటిని కలిపే గీతలు నూలుపోగుల్లా సన్నం. ప్రతి స్తంభం కిందా ఇటూ అటూ చాచిన బల్లపరుపు పాదం, పైన అదే కొలతలో ఒక టోపీ. వాటిని వరుసగా నిలబెడితే గాలికి పడేవిలా కనిపించవు. మా పావగడ గాలి మీరు చూసి ఉంటే ఇది ఎంత పెద్ద మెప్పో తెలుస్తుంది. ఆ పాదాలను ఇంగ్లీషువాళ్లు సెరిఫ్ అంటారని బెంగళూరు కాలేజీలో ఒక పుస్తకంలో చూసి, సెలవులకు వచ్చినప్పుడు చెప్పాను.

"సెరీపో గిరీపో. కాళ్లు కదా," అంది అత్త. "చూడు మే, ఎద్దు చూడు. మూపురం ఎంత లావు, తోక ఎంత సన్నం! రెండూ ఉంటేనే అది ఎద్దు. అంతా మూపురమే అయితే బండరాయి. అంతా తోకే అయితే ఈగలు తోలేదానికి తప్ప పనికిరాదు."

చదవలేని అక్షరాలను ఆమె బొమ్మలుగా వాడుకునేది. నాటకాల కంపెనీ నోటీసు మీద ఇంగ్లీషు 'ఓ' సూర్యుడయ్యేది. 'ఏ' మా ఊరి కోటకొండ అయ్యేది. పరుసకు, అంటే పశువుల జాతరకు వేసే నోటీసులో హెచ్ తలుపు బిగించిన దొడ్డిలా నిలబడేది. ఐ అక్షరాలు మాత్రం ఆ సంచిలో బోలెడున్నాయి. వాటిని వరుసగా నిలబెట్టి నోటీసు చుట్టూ మంటపం స్తంభాల్లాగా అంచు కట్టేది. ఒక సెలవుల్లో నేను ఇంటికి వచ్చేసరికి అట్లాంటి నోటీసొకటి ప్రెస్సు తాడు మీద ఆరుతోంది. చూసి పడీపడీ నవ్వాను.

"ఏంది మే ఆ నవ్వు?"

"అత్తా, నోటీసు చుట్టూ నేను, నేను, నేను అని రాసి ఉంది. ఇంగ్లీషులో ఆ అక్షరానికి నేను అని అర్థం."

అత్త చెనక్కాయ వలవడం ఆపి నోటీసును కాసేపు చూసింది. "ఉండనీలే. పటేలు నోటీసే కదా," అంది.

అయితే ఆ లావు అక్షరాలను ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్న దగ్గర ఆమెతో వేళాకోళం కుదిరేది కాదు. పరుస, నాటకం, చెనక్కాయ మిల్లు తెరవడం, కలరా సూదులు వేసేవాళ్లు ఊళ్లోకి రావడం, వీటికి లావు అక్షరం. పెళ్లికి సగం లావు. చావుకు మాత్రం అన్నిటికన్నా సన్నది. "పోయినోళ్లను అరిచి పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తారు, పాపం. వాళ్ల దారిన వాళ్లను పోనీరా," అనేది. ఒకసారి ఎవరో ఒక కుటుంబాన్ని కులంలోంచి వెలివేసినట్టు ఊరంతా అంటించాలని, లావు అక్షరాల్లో వేయమని వచ్చారు. అత్త వాళ్ల కాగితం తీసుకుని, నిదానంగా అరలన్నీ వెతికినట్టు నటించి, తిరిగి ఇచ్చేసింది.

"నా కాడ ఈ అక్షరాలు లేవప్పా."

"ఎదురుగా కనపడతాండాయి కదత్తా!"

"కనపడతాండేవి వేరే మాటకు సంబంధించినవి."

వాళ్లు పోయాక నాతో అంది: "లావు అక్షరం అరిచేదానికి కాదు మే, పిలిచేదానికి."

ఇంగ్లీషు అక్షరాలను అట్లా బొమ్మలుగా వాడుతూనే, మన తెలుగుకు అట్లాంటివి ఎందుకు లేవన్న బాధ ఆమెకు మొదలైంది. ఉన్న సీసం అక్షరాలన్నీ చిన్నవి. పెద్ద మాట కావాలంటే చేత్తో రాయాల్సిందే. "మన అక్షరాలు చూడు, అన్నీ గుండ్రంగా. చెనక్కాయల మాదిరి దొర్లిపోతాయి. వాటికీ కింద ఒక పీట వేస్తే కదా నిలబడేది," అనేది. చివరికి బండిచక్రాలు చేసే ఆచారిని పట్టుకుంది. చన్నపట్నంలో బొమ్మలు చేసే తెల్లకొయ్య తెప్పించింది. తాను కాగితం మీద గీసి ఇస్తుంది, ఆచారి దాన్ని కొయ్యకు అంటించి చెక్కాలి. ఆచారికి తన ఉలి మీద ఎంత నమ్మకమంటే, మైసూరు రథానికి తనను పిలవకపోవడం మహారాజా వారికే నష్టమని చెప్పుకునేవాడు.

మొదట సులువైనది చేద్దామని సున్న చెక్కారు. ఇటూ అటూ లావు, పైనా కిందా సన్నం, కింద చిన్న పీట. సిరా రాసి కాగితం మీద ఒత్తితే అచ్చం అనుకున్నట్టే వచ్చింది. అత్త ఊరందరికీ బెల్లం పంచింది. ఆచారి ఒక రోజంతా పని మాని మీసం దువ్వుకుంటూ సంతలో తిరిగాడు.

తరువాత అ. సుడి కొసను ఉలితో కోసినట్టు పదునుగా, పొట్టలు వేలంత లావుగా, కింద బల్లపరుపు పాదంతో అత్త దాన్ని గీసింది. ఆచారి దాని మీద చాలా రోజులు కూర్చున్నాడు. నేను ఆ సెలవుల్లో అక్కడే ఉన్నాను. సిరా రాశారు. ఒత్తారు. కాగితం తీశారు. ముగ్గురం చూశాం. అ అటు తిరిగి ఉంది, అలిగిన కోడలి మాదిరి.

అచ్చుకు చెక్కే అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. అద్దంలో కనిపించినట్టు ఉండాలి. అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది. ఇన్నేళ్లు తిరగేసిన సీసం అక్షరాలనే చదివిన మనిషికి ఇది తెలియక కాదు. అవి తిరగేసే వస్తాయి గనుక తిప్పాల్సిన అవసరం ఆమెకెప్పుడూ రాలేదు. పైగా సున్న సరిగ్గా వచ్చింది కదా, అంతా సరే అనుకున్నారు.

"యంత్రం తప్పు. నా ఉలిది కాదు," అన్నాడు ఆచారి వెంటనే.

"సున్న బాగానే వచ్చినాది కదప్పా ఆచారీ!"

"సున్నకు వెనకా ముందూ యాడుందత్తా?"

అత్త ఆ మాట విని మొదలుపెట్టిన నవ్వు ఆపలేకపోయింది. యంత్రం కమ్మీ పట్టుకుని నవ్వింది. కళ్లనీళ్లు తుడుచుకుని, బుగ్గలకు కూడా సిరా పూసుకుంది. "ఆ సున్ననే మనల్ని మోసం చేసినాది. మొదట్లోనే సరిగ్గా వచ్చే పనిని నమ్మగూడదు మే," అంది. ఆ తిరగబడిన అ అచ్చుకు పనికిరాదు. అయినా దాన్ని పొయ్యిలో పెట్టలేదు. కిటికీ గాలికి కాగితాలు ఎగరకుండా కట్టల మీద బరువుగా పెట్టుకుంది. ఒక్కసారి పూసిన ఆ సిరాతోనే అది నల్లగా మిగిలిపోయింది.

ఆ తరువాత అక్షరాలన్నీ సరిగ్గానే తిరగేసి చెక్కారు. ఏడాదికి కొన్ని చొప్పున, ఏ నోటీసుకు ఏది కావలిస్తే అది. అందుకే ఆ అరల్లో అన్నీ ఉండవు. కొన్ని ఒక్కొక్కటే, కొన్ని అసలు లేవు. గిరాకీ వచ్చినవాడు మాట చెబుతాడు, అత్త అరలు చూసి "ఇది లేదు, అది ఉండాది, అట్ల అందామా?" అని అడుగుతుంది. ఉన్న అక్షరాలను బట్టి మాటను మార్చుకోవడం మా ఊరివాళ్లకు అలవాటైపోయింది. ఒక నాటకం రాజుకు మా ఊళ్లో వేరే బిరుదు ఉండేది. కంపెనీవాళ్లు దాన్నే పక్క తాలూకాలో కూడా వాడుకున్నారు.

కాలేజీ చదువు ముగించి నేను ఇంటికి వచ్చేసరికి యుద్ధం అప్పుడే ఆగింది. నా కాళ్లు మాత్రం ఒకచోట ఆగడం లేదు. మిద్దె ఎక్కడం, దిగడం, వచ్చిన పత్రికనే మళ్లీ చదవడం. నాన్న మడకశిర సంబంధం తెచ్చాడు. నేను ఆడపిల్లలకు బడి పెడతానన్నాను. మరునాడు అత్త వచ్చింది.

"అక్కా, నువ్వు మధ్యలో రావద్దు," అన్నాడు నాన్న ఆమె గడప దాటకముందే. "మంచి సంబంధం. వాళ్లకు బావి ఉండాది."

"బావి ఉంటే ఏంది, దూకేదానికా? రేయ్ అప్పయ్యా, దాన్ని బెంగళూరికి పంపి చదివించింది నువ్వే. గుర్రానికి పరుగు నేర్పించి ఇప్పుడు గానుగకు కడతానంటావా?"

"ఊరికే బడంటే ఎట్ల? పిల్లలు రావద్దా?"

"రాకుంటే అప్పుడు చూద్దాం."

మాట అట్లా కుదిరింది. ప్రెస్సు పక్క వసారాలో బడి. ఆచారి పాత అరల పలకలతో మూడు బెంచీలు చేసి ఇచ్చాడు. దసరా సెలవుల తరువాత ఇన్‌స్పెక్టరు వస్తాడు. అప్పటికి మూడు బెంచీలూ నిండి ఉంటే దొరతనం బడిని తనదిగా తీసుకుంటుంది, నేను పంతులమ్మనవుతాను. నిండకపోతే వసారా తలుపు మూసి, మడకశిర.

నోటీసు రాసుకుని ప్రెస్సుకు వెళ్లాను. బాలికా పాఠశాల అని రాశాను. నాన్న అది చూసి, విద్యాలయం అంటే ఇంకా బాగుంటుందన్నాడు. అత్త అరల ముందు చేతులు నడుముకు పెట్టుకుని నిలబడింది. ఠ లేదు. ద్యా లేదు. కొత్తగా చెక్కించాలంటే ఆచారి చేతిలో దసరా దాటిపోతుంది.

"ఆ ఉండాది, డ ఉండాది. పిల్లల నాటకానికి ల్ల చెక్కించినాం, ల కూడా ఉండాది. ఆడపిల్లల బడి. అంతే కదా మనం అనేది?"

"కింద రండి అని వేయాలి అత్తా."

"డి ఒకటే ఉండాది మే."

కాసేపు ఇద్దరం ఆ ఒక్క డి వైపు చూశాం. తరువాత అత్త దారి కనిపెట్టింది. కాగితాలన్నిటి మీదా ముందు ఆడపిల్లల బడి అని అచ్చు వేయడం. అది ఆరాక డిని ఊడదీసి, కింది వరుసలో రం పక్కన బిగించి, అవే కాగితాలను రెండోసారి యంత్రంలో పెట్టడం. అందుకే ప్రతి నోటీసులోనూ రండి అన్న మాట కొంచెం ఒరిగి ఉంటుంది, ఎవరో గుమ్మంలోంచి ముందుకు వంగి పిలుస్తున్నట్టు. దాని కింద సీసం అక్షరాల్లో కన్నడంలో కూడా అదే మాట వేశాం. నేను ఆ ఒరగడం సరిచేద్దామన్నాను. అత్త కాగితాన్ని వెలుగుకు పట్టి చూసి, "ఉండనీ. బాగా పిలుస్తాండాది," అంది.

అంటించడానికి అత్త కూడా నాతో బండెక్కింది. రాగిగంజి కుండ ఒళ్లో పెట్టుకుని అరసికెరె, వెంకటమ్మనహళ్లి, మంగళవాడ అంతా తిరిగింది. వెంకటమ్మనహళ్లిలో అంటించి పక్క వీధికి పోయి వచ్చేసరికి గోడ మీద నోటీసు లేదు. మేకలు గంజి కోసం కాగితాన్ని కూడా నాకి తినేశాయి. కాపరి పళ్లికిలించి, "మా మేకలు చదువుకునేసినాయత్తా," అన్నాడు. "అయితే రేపట్నుంచి వాటిని బడికి పంపు. బెంచీ ఖాళీగా ఉండాది," అంది అత్త. ఆ తరువాత గంజిలో వేపాకు నూరి కలిపింది. మళ్లీ మేకలు దగ్గరికి రాలేదు.

మొదటి బెంచీ నిండింది. మిల్లులో చెనక్కాయలు ఒలిచే ఒకామె కూతురిని చెయ్యి పట్టుకుని తెచ్చింది. "అంత లావుగా రాసినారంట కదమ్మా. అంత లావుగా రాస్తే అబద్ధం ఉండదులే అని వచ్చినా," అంది. నేను పొంగిపోయాను. అత్త పొంగలేదు. సాయంత్రం అరలు తుడుస్తూ చెప్పింది.

"లావు అక్షరానికి అదే భయం మే. జనం నమ్ముతారు. నమ్మినాక నువ్వు సన్నమైపోగూడదు."

అప్పుడు ఊళ్లో పలకలు దొరకడం లేదు. మొదటి వారం ఇసకలో రాయించాను. ఆ మిల్లు పిల్ల మహా చిన్నది, ఏడుపు ఆపదు. అత్త ప్రెస్సులోంచి లేచి వచ్చి, కాగితాల మీద బరువుగా ఉన్న ఆ తిరగబడిన అ అక్షరాన్ని పిల్ల ఒళ్లో పెట్టింది. "ఇదో, దీని మీద నీ వేలు నడిపించు. కింద పడకుండా నడిపించాల," అంది. పిల్ల వేలు పెట్టింది. సుడి దగ్గర మొదలై పొట్ట చుట్టూ తిరిగి పాదం మీద ఆగింది. నేను చూస్తూ ఉండిపోయాను. కాగితానికి తిరగబడిన అక్షరం వేలికి సరైనది. అచ్చుకు తప్పు చెక్కిన అ, చేత్తో తడిమి నేర్చుకునేవాళ్లకు అచ్చంగా అ. అంత లావు లేకపోతే వేలికి దాని మీద దారే ఉండేది కాదు.

అత్త నా ముఖం చూసి, "ఆచారికి చెప్పొద్దు. ముందే తెలిసి చెక్కినానంటాడు," అంది.

ఆ పొద్దు నుంచి మా బడిలో చేరే ప్రతి పిల్లకూ అదే మొదటి పాఠం. రెండో బెంచీ కూడా నిండింది. మూడోది సగంలో ఆగింది. మిగిలిన చోటు కోసమే నేను ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాను. అట్లాగే మంగళవాడ వెళ్లాను. అక్కడే కబురు అందింది.

పొద్దున్నే ప్రెస్సు తలుపు తీసి, సిరా పలక తుడుస్తూ గోడకు ఆనుకుని కూర్చుందట. ఎదురింటామె, "ఏమత్తా, పొద్దు పొద్దున్నే కునుకా?" అని పలకరించిందట. చేతిలో గుడ్డ అట్లాగే ఉందట.

దినాలకు నోటీసు వేయాలి. ఆ అరల ముందు మొదటిసారి ఒంటరిగా నిలబడ్డాను. లావు అక్షరాలు వేయమని ఊరివాళ్లందరూ అన్నారు. ఆ అక్షరాలు చేయించిన మనిషికి అవి కాక ఇంకేమి వేస్తారని అడిగారు. నేను అన్నిటికన్నా సన్నని సీసం అక్షరాలు కూర్చాను. వాటిలో ఒకటి సిరా పట్టలేదు. దాని కింద కాగితం ముక్క పెట్టి లేపాను. నాన్న ఆ నోటీసును కళ్లకు దగ్గరగా పట్టుకుని చదివాడు. "అక్క ఉంటే ఇంతే వేసేది," అన్నాడు. మడకశిర మాట ఎత్తలేదు. అయితే ఇన్‌స్పెక్టరు మాటా ఎత్తలేదు.

చావు జరిగిన ఇంటి వసారా అని కొందరు పిల్లలను పంపడం మానేశారు. దినాలయ్యాక బడి మళ్లీ తెరిచిన రోజు రెండో బెంచీలోనూ సందులు కనిపించాయి. అత్త లేని ప్రెస్సు పక్కన గొంతెత్తి పాఠం చెప్పడానికి నాకు మొగమాటంగా ఉండింది. లావు అక్షరం నమ్మి వచ్చినవాళ్ల ముందు సన్నబడకూడదన్న మాట గుర్తుకు వచ్చింది. మిల్లు పిల్లను లేపి నాతో కలిసి గట్టిగా చదవమన్నాను. మా ఇద్దరి గొంతులూ కలిసి వీధిలోకి పోయాయి. వారం తిరిగేసరికి మానేసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ చోట్లలో కూర్చున్నారు. మూడో బెంచీ చివర మాత్రం ఖాళీ.

ఇప్పుడు మంగళవాడ గోడ సంగతి.

పిల్లను బడికి అడగడానికి వెళ్లిన ఆ ఇంట్లో తల్లి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. పిల్లను పంపే మాట ఎత్తితే, "దీని నాయన రానీ, చూస్తాం లేమ్మా," అంది. లేచి వస్తూ పశువుల కొట్టం పక్కనుంచి నడిచాను. మట్టిగోడ మీద బొగ్గుతో అక్షరాలు. ఆడపిల్లల బడి. ప్రతి అక్షరం కిందా బల్లపరుపు పాదం. లావు దగ్గర పిల్ల బొగ్గును అడ్డంగా పెట్టి రుద్దింది, సన్నం దగ్గర మొనతో లాగింది. కింది వరుసలో రండి, కొంచెం ముందుకు ఒరిగి. మా నోటీసులో ఎంత ఒరిగిందో అంతే.

"గోడలు పాడు చేస్తాండాది పంతులమ్మా," అంది తల్లి. "సంతలో ఎప్పుడో చూసినాదంట. ఏమి గీసినాదో దానికీ తెలీదు, మాకూ తెలీదు."

నేను వేలు పెట్టి చదివి వినిపించాను. పిల్ల తల్లి వెనక నుంచి తొంగి చూసింది. తాను గీసిన బొమ్మ మాట్లాడుతుందని దానికి అప్పుడే తెలిసింది. తల్లి ఆ గోడ వైపే చూస్తూ నిలబడింది.

అత్తా, నీ అక్షరాలు మంగళవాడ దాకా నడిచి వచ్చినాయి, కొట్టంలో ఎద్దుల పక్కన నిలబడినాయి. ఇదే ఆమెకు చెప్పాలనుకున్న మాట. "కాళ్లుండేది అందుకే కదా మే," అని ఉండేది. బస్సు కోసం నిలబడి ఆ జవాబు కూడా నేనే చెప్పుకున్నాను.

మొన్న పొద్దున పాఠం మధ్యలో వసారా గడప దగ్గర ఆ తల్లి కనిపించింది. చేతిలో బట్టల మూట. పక్కన పిల్ల. పావగడలో పిల్ల అవ్వ ఉందట, అక్కడే ఉంచుతారట.

"దీని నాయన గోడ చూసి, ఆ రాతల మీద సున్నం కొట్టొద్దన్నాడు," అంది తల్లి. "బడిలోనే రాసుకోనీ అన్నాడు."

పిల్ల మూడో బెంచీ చివర కూర్చుంది. బెంచీ నిండింది. దసరా ఇంకా రాలేదు. ఇన్‌స్పెక్టరును రానీ.

నేను కిటికీ దగ్గర ఉన్న ఆ కొయ్య అ తీసి దాని ముందు పెట్టాను. బొగ్గు మరక ఇంకా వదలని చూపుడు వేలితో అది ముందు పాదాన్ని తాకి, "దీనికీ కాళ్లుండాయే!" అని పక్క పిల్లతో గుసగుసలాడింది. తరువాత సుడి దగ్గర మొదలుపెట్టింది. ఇంతమంది పిల్లల వేళ్లు నడిచి నడిచి, నల్లటి ఆ అక్షరం నడుమ సిరా అరిగిపోయి తెల్లకొయ్య బయటపడి ఉంది. అంచులు నలుపు, మధ్యన ఒక తెల్లని దారి. ఆ దారి వెంట ఆ వేలు మెల్లగా, కింద పడకుండా నడిచిపోతోంది.